దహీబా గొంతు పట్టే స్పీకర్లు

అస్వాన్, పడమటి గట్టు
సెప్టెంబరు

షజ్లీ మామయ్యా,

సలాం. రైల్లో టీలు అందించే ఫిక్రీ చేత ఈ ఉత్తరమూ, అమ్మ కట్టిచ్చిన ఖర్జూరాల సంచీ పంపుతున్నాను. సంచీ బరువు తగ్గినట్టు అనిపిస్తే ముందు ఫిక్రీ జేబులు వెతుకు.

ఫోన్ చేద్దామంటే నువ్వేమంటావో నాకు తెలుసు. "డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టుందే నీ గొంతు, పెట్టెయ్!" అంటావు. ఏళ్ళ తరబడి అలెగ్జాండ్రియాలో పాటలు రికార్డు చేసి చేసి నీ చెవులకు గారాబం ఎక్కువైంది. పోనీలే, నాకూ ఉత్తరమే నయం. ఫోన్‌లో పంపితే పాట నలిగిపోతుంది. పెన్‌డ్రైవులో వేసి ఉత్తరంతో పాటు మడిచి పంపితే పెళ్ళికూతురిలా చెక్కుచెదరకుండా వస్తుంది.

అసలు సంగతి విను. దహీబా పెద్దమ్మ ఒప్పుకుంది! అవును, నీ పెద్దక్కే. ఎప్పుడో కైరో కంపెనీవాళ్ళు తన పాట మీద కీబోర్డు మోతలు పులిమి పాడుచేశారని, ఇక మైకు ముందు నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్న మనిషి. నేను వెంటపడి వెంటపడి విసిగించాను. చివరికి చేతిలోని జల్లెడ కింద పెట్టి అంది కదా: "ఒక్క పాట. ఒక్కటంటే ఒక్కటే. దాన్ని ఉకాషా పడవ మీద నలుగురిలో వినిపించు. అది నా గొంతైతే నాకొచ్చిన పాటలన్నీ నీకే. కాకపోతే మళ్ళీ ఈ ఊసెత్తావంటే కాళ్ళు విరగ్గొడతా."

మామయ్యా, ఈ నైలు గట్టు మీద మన నూబియా పెళ్ళి పాటలు పూర్తిగా వచ్చింది ఆవిడొక్కదానికే. ఆవిడ వచ్చి పాడితే మిగతా ఆడవాళ్ళు తామే వస్తారు. ఆవిడ కాదంటే రికార్డింగు కోసం నేను సర్దుకున్న మా చావడి గదిలోకి ఒక్కరూ తొంగి చూడరు. నేను కట్టుకున్న ఆశంతా ఈ ఒక్క పాట మీదే ఉంది.

కంప్యూటరుంది, మైకుంది. మంచి స్పీకర్లు లేవు. బజారులో దుకాణం మన్సూర్ పెళ్ళిళ్ళ స్పీకర్లు చూపించాడు, ఒక్కొక్కటీ ఫ్రిజ్జంత ఉంది. "ఇవైతే తూర్పు గట్టుక్కూడా వినబడతాయి" అంటాడు. రేవు దాటించే పడవ ఉకాషా కూడా అవే కొనమంటున్నాడు. ఏం కొనను? త్వరగా రాయి.

నీ మేనకోడలు,
నబ్రా


అలెగ్జాండ్రియా, కర్మూజ్
సెప్టెంబరు

ఒసేయ్ నబ్రా,

ఖర్జూరాలు అందాయి. ఫిక్రీ జేబులు వెతికాను, గింజలు మాత్రమే దొరికాయి.

దహీబా అక్క ఒప్పుకుందా! నీ నోరు సామాన్యమైంది కాదే. నేను ఎన్నిసార్లు అడిగానో. అడిగినప్పుడల్లా "ముందు పెళ్ళి చేసుకో, అప్పుడు పాడతా" అనేది. చేసుకున్నాక, "నాకు నచ్చిన పిల్లని చేసుకున్నావా?" అంది.

ఆ మన్సూర్ మాట వినకు. తూర్పు గట్టుకు వినిపించాల్సింది పడవవాడు, నువ్వు కాదు. నీ చెవిలో పడితే చాలు. మామూలు స్పీకర్లకు పొగడ్తలు నేర్పుతారు. పాట ఎలా ఉన్నా కింది స్థాయిలో కాస్త దరువూ, పైన సన్నటి శబ్దాల్లో కాస్త మెరుపూ కలిపి "ఆహా" అనిపిస్తాయి. రికార్డింగుకు వాడే మానిటర్ స్పీకర్లకు ఆ విద్య రాదు. గొంతు బొంగురుపోతే బొంగురుగానే వినిపిస్తాయి. వాటి ముందు కూర్చుని దిద్దుకున్న పాట పడవ మీది హారన్ స్పీకరు‌లోనైనా, పెళ్ళి పందిట్లోనైనా, ఎవరి ఫోన్‌లోనైనా నిలబడుతుంది.

మీ చావడి గది చిన్నది, పైన గుమ్మటం. పెద్ద స్పీకర్లు పెడితే దరువంతా గుమ్మటంలోకి వెళ్ళి తిరిగి నీ నెత్తిన పడుతుంది. శబ్దం వచ్చే లోపలి గుండ్రం జానెడు కూడా లేని చిన్నవి తీసుకో. గోడకు ఆనించకు, మూల అరుగు మీద అసలే పెట్టకు. గోడలకు నాలుగు ఈతాకు చాపలు వేలాడదియ్యి.

ఎంచుకోవడం ఎలాగంటే, నీకు బాగా తెలిసిన శబ్దం ఏదైనా పట్టుకెళ్ళి మన్సూర్ దగ్గరున్న ప్రతి జతలోనూ వినిపించమను. ఏ జతలో విన్నాక "ఛీ, ఇది ఇంత అధ్వాన్నంగా ఉందా!" అనిపిస్తుందో అదే కొను. వాడు నిన్ను పిచ్చిదనుకుంటాడు, అనుకోనీ.

అమర్చడం సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు నా స్టూడియోలో బల్ల కింద పడుకుని పెరిగినదానివి.

మీ మామయ్య,
షజ్లీ


అస్వాన్, పడమటి గట్టు
అక్టోబరు

మామయ్యా, మామయ్యా!

కొన్నాను! నువ్వు చెప్పినట్టే పిచ్చిదాన్నయ్యాను. మా వాకిట్లో అమ్మ రొట్టెలు కాలుస్తుంటే ఫోన్‌తో పట్టిన శబ్దం తీసుకెళ్ళాను. మొదటి జతలో విన్నాను, మా వాకిలి అమీరుగారి తోటలా ఉంది. రెండో జతలో అమ్మ గొంతు సినిమా తారలా ఉంది. మూడో జతలో పెనం మీద గరిట గీకుడు, పక్కింటి గాడిద ఆవులింత, అమ్మ నన్ను "సోమరిపోతు" అని గొణగడం కూడా వినబడ్డాయి. ఆ గొణుగుడు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. "ఇవే కావాలి" అన్నాను. మన్సూర్ నోరు తెరిచాడు. "చెల్లమ్మా, అందరూ బాగున్నవి అడుగుతారు, నువ్వేంటి తిట్లు వినబడేవి అడుగుతున్నావ్?" అన్నాడు.

నల్లటి చిన్న జత. వెనక వైపు గాలి పోవడానికి గుండ్రటి కన్నముంది. పడవలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఉకాషా చూసి, "ఇవా! వీటి తల్లులెక్కడ?" అని నవ్వాడు. నవ్వనీ.

ఇల్లంతా జనమే. స్పీకర్లు చూడ్డానికి ఊరు ఊరంతా వస్తోంది. అమ్మ పేలాలూ ఖర్జూరాలూ పెట్టి పెట్టి అలిసిపోతోంది. నాకేమో ఒక చేత్తో టీ గ్లాసులు అందిస్తూ ఇంకో చేత్తో పని. అయినా సంతోషంగా ఉంది మామయ్యా. చాపలు వేలాడదీశాను. పెద్దమ్మ వచ్చింది, తప్పెట పట్టుకుంది, చప్పట్లకు నలుగురు ఆడవాళ్ళను వెంట తెచ్చుకుంది. గది దద్దరిల్లింది. నాకు ఏడుపొచ్చింది, అంత బాగా పాడింది.

ఇప్పుడు పాటని దిద్దుతున్నాను. ఒక్కటే ఇబ్బంది. ఆవిడ గొంతు నాకెందుకో దుప్పటి కప్పుకున్నట్టు వినబడుతోంది, తప్పెట మాత్రం గుమ్ముగుమ్మంటోంది. అందుకని తప్పెట బాగా తగ్గించి, గొంతులో మెరుపు పెంచుతూ పోతున్నాను. వచ్చినవాళ్ళందరూ "అద్భుతం, మాషల్లా" అంటున్నారు. పక్కింటి ఫిక్రియా పిన్ని వింటున్నంతసేపూ చెవిలో వేలు పెట్టుకుంది. పాపం జలుబనుకుంటా.

వచ్చే వారం పడవ మీద వినిపిస్తున్నాను. దువా చెయ్యి.

నబ్రా


అలెగ్జాండ్రియా
అక్టోబరు

నబ్రా తల్లీ,

తిట్లు వినబడే స్పీకర్లు! నీకు నా పోలికలు వచ్చాయే.

పడవ మీద వినిపించాక ఏమైందో వెంటనే రాయి. ఆ పాట ఫిక్రీ చేత నాకూ పంపు. ఇక్కడ స్థిరపడ్డ మన నూబియావాళ్ళ సంఘంలో కార్డులాడే ముసలాళ్ళందరికీ చెప్పేశాను, దహీబా పాట వస్తోందని. ఒకాయన టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. దుప్పటి కప్పుకున్న గొంతన్నావే, ఆ మాట మాత్రం నాకు అంతుబట్టలేదు. అక్క గొంతు కదా, దానికి దుప్పటేంటి?

షజ్లీ


అస్వాన్
నవంబరు

గౌరవనీయులైన మామయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. వాతావరణం చల్లబడింది. అమ్మగారు మీకు సలాం చెప్పమన్నారు. మీరడిగిన పాట ఇందుతో జతపరిచాను. అది మీకు ఉపయోగపడకపోవచ్చు.

ఇట్లు,
నబ్రా


అలెగ్జాండ్రియా, కర్మూజ్
నవంబరు

ఏమేవ్,

నన్ను "మీరు" అన్నావు. "గౌరవనీయులైన" అన్నావు. నువ్వు పుట్టినప్పటి నుంచి నాకు గౌరవమిచ్చిన పాపాన పోలేదు, ఇప్పుడెందుకొచ్చింది? ఏదో మునిగింది. మునిగింది పడవ కాదని మాత్రం తెలుసు, ఎందుకంటే ఫిక్రీ ఆ పడవలోనే ఉన్నాడట. టీ పోస్తూ సగం సంగతి వాడే చెప్పాడు. మిగతా సగం చెప్పకుండా నా చేత రెండో గ్లాసు కొనిపించాడు.

పాట విన్నాను. దాచడమెందుకు, విని అదిరిపడ్డాను. అది అక్క గొంతా, రేకు కోసే రంపమా? తప్పెట ఎక్కడికి పారిపోయింది? పైన మెరుపులు ఎంత పెంచావే, నా పళ్ళు జివ్వుమన్నాయి! సంఘంలో ఇంకా వినిపించలేదు. ఆ టోపీ ముసలాయన రోజూ అడుగుతున్నాడు. పెన్‌డ్రైవు రైల్లోనే ఉందని తప్పించుకుంటున్నాను.

నువ్వు చెవిటిదానివి కాదు, స్పీకర్లు మంచివే. మరి ఎక్కడో మెలిక ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారైనా విన్నావా? పడవలో ఏం జరిగిందో మొత్తం రాయి. నీ గది బొమ్మ గీసి పంపు. బల్ల ఎక్కడ, నువ్వెక్కడ, స్పీకర్లెక్కడ, తలుపెక్కడ, అన్నీ గియ్యి.

ఇంకోసారి "మీరు" అంటే ఊరుకోను.

మామయ్య


అస్వాన్, పడమటి గట్టు
నవంబరు

మామయ్యా,

మొత్తం నీవల్లే! నువ్వు చెప్పిన స్పీకర్లే కదా కొన్నాను. ఆ ఫ్రిజ్జులే కొనుంటే పీడా పోయేది!

సరే, విను. గోరింటాకు వేడుకకు వెళ్ళే ఆడవాళ్ళతో పడవ నిండిపోయింది. పెద్దమ్మ ముందు బల్ల మీద కూర్చుంది, కొత్త శాలువా కప్పుకుని. ఉకాషా పాట పెట్టాడు. పెద్దమ్మ గొంతు హారన్‌లోంచి కీచుమని వచ్చింది. పాపలు చెవులు మూసుకున్నారు, ఒక కొంగ ఎగిరిపోయింది. నా మొహం మాడిపోయింది మామయ్యా. పెద్దమ్మ శాలువా తల మీదికి లాక్కుని నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం అంది: "కైరో వాళ్ళే నయం. కనీసం తప్పెట ఉంచారు."

అప్పట్నుంచి మాట్లాడటం లేదు. తను కనబడితే నేను దారి మార్చుకుంటున్నాను. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఊళ్ళో నా పరువు నైలు పాలైంది. అందరూ వచ్చి టీ తాగి "అద్భుతం" అన్నారే, మరి ఒక్కరూ నిజం చెప్పలేదేం?

హెడ్‌ఫోన్లా? ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కదా. మనుషులు ఎదురుగా కూర్చునుంటే చెవులు మూసుకుంటారా ఎవరైనా? అమ్మ ఊరుకుంటుందా?

బొమ్మ గీశాను. గుమ్మానికి ఎదురుగా గోడ దగ్గర నేను. నా ముందు బల్ల. బల్ల మీద స్పీకర్లు, వచ్చినవాళ్ళకు వినబడేటట్టు గుమ్మం వైపు తిప్పి. వాళ్ళు అవతల చాపల మీద కూర్చుంటారు. ఇందులో ఏం తప్పుందో నాకైతే కనబడటం లేదు.

నబ్రా


అలెగ్జాండ్రియా, కర్మూజ్
డిసెంబరు

ఓ నా తల్లీ, నా బంగారు తల్లీ,

పొట్ట చెక్కలయ్యేలా నవ్వానే. మీ అత్త పరుగెత్తుకొచ్చింది, నాకేమైందోనని. బొమ్మ చూపిస్తే ఆవిడా కూలబడింది.

నువ్వు స్పీకర్ల వెనక కూర్చున్నావు! ప్రపంచంలో రికార్డింగు చేసేవాళ్ళందరూ వాటి మొహం చూస్తూ కూర్చుంటే, నా మేనకోడలు వాటి వీపు చూస్తూ పాటంతా దిద్దింది. వెనక కన్నంలోంచి వచ్చే దరువు నీకు. ముందు వైపు పోయే మెరుపంతా అతిథులకు. నీకు గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వినబడక మరెలా వినబడుతుంది? నువ్వేమో మెరుపు పెంచావు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు అది ఈటెలా గుచ్చుకుంది. పాపం ఫిక్రియాకు జలుబూ లేదు, పాడూ లేదు. నీ టీ తాగి నిన్ను నొప్పించలేక చెవిలో వేలు పెట్టుకుని "మాషల్లా" అంది. నువ్వు వాళ్ళకు వీపు చూపలేవు, వాళ్ళు నీకు నిజం చెప్పలేరు. అందరి మర్యాదా కలిసి దహీబా అక్క గొంతు పట్టుకుని పిసికేసింది!

తప్పు నాది కూడా. అమర్చడం చెప్పక్కర్లేదని రాశాను. బల్ల కింద పడుకున్న పిల్లకు స్పీకరు ముందేదో వెనకేదో ఏం తెలుస్తుంది?

బల్ల తిప్పు. ఆ రెండూ నీ మొహంలోకి చూడాలి. వాటి మధ్య ఎంత దూరముందో నీకూ వాటికీ అంతే ఉండాలి. పాట మొదటి నుంచి మళ్ళీ దిద్దు. వీపు గుమ్మం వైపు ఉంటుంది, నిజమే. దానికి ఏం చెయ్యాలో నాకు తెలీదు. నేను అలెగ్జాండ్రియాలో ఉంటాను, ఇక్కడ అందరం ఒకరికొకరం వీపులు చూపించుకునే బతుకుతాం.

మామయ్య


అస్వాన్, పడమటి గట్టు
జనవరి

మామయ్యా,

కూర్చుని చదువు.

బల్ల తిప్పాను. పాట మళ్ళీ పెట్టగానే దడుచుకున్నాను. బాబోయ్, ఇంత ఘోరం చేశానా! అన్నీ చెరిపేసి మొదటి నుంచి మొదలెట్టాను. మెరుపులన్నీ తీసేశాను, తప్పెటను దాని చోటికి తెచ్చాను. గొంతును అసలు ముట్టుకోవాల్సిన అవసరమే లేకపోయింది. ఉన్నదున్నట్టు వదిలేస్తే చాలు, పెద్దమ్మ నా ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే ఉంది.

మరి ఆవిడకు వినిపించేదెలా? అమ్మ చేత కబురు పెట్టించాను, టీకి రమ్మని. టీకి పిలిస్తే కాదనదు కదా. వచ్చింది. సరిగ్గా అప్పుడే నేను పాట పెట్టుకుని ఉన్నాను, అడుగుల చప్పుడు వినబడలేదు. గుమ్మంలో నిలబడి ఆవిడ చూసింది నా వీపు! "బాగుందమ్మా," అంది. "పాట పాడుచేశావు, సరే. ఇప్పుడు ఇంటికి పిలిచి వీపు చూపిస్తున్నావు." చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది. అమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది.

నోటికొచ్చింది అనేశాను. "పెద్దమ్మా, ఇది నా కుర్చీ కాదు. నీ కుర్చీ! నీకోసం వెచ్చబెడుతున్నాను!"

ఆగింది. చూసింది. "నాదా?"

"ఈ గదిలో పాట సరిగ్గా వినబడే చోటు ఇదొక్కటే. దీంట్లో అతిథి కాక ఇంకెవరు కూర్చుంటారు?"

అలా అన్నాక నాకే అర్థమైంది మామయ్యా. నిజంగానే అది అతిథి చోటే. ఇన్నాళ్ళూ మంచి చోటు ఎవరికివ్వాలో తెలియక గదంతా తలకిందులు చేశాను. ఆవిడ వచ్చి కూర్చుంది, గాజులు సర్దుకుంది. నేను పక్కన నిలబడి పాట పెట్టాను.

కదలలేదు. తప్పెట మొదలైంది, చప్పట్లు అందుకున్నాయి, తర్వాత ఆవిడ గొంతు. పెద్దమ్మ చెయ్యి మెల్లగా మెడ మీదికి వెళ్ళింది, గొంతు అక్కడే ఉందో లేదో చూసుకుంటున్నట్టు. "ఇది నేనే," అంది. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి. "ఆపు! మూడో చరణం మళ్ళీ పెట్టు." పెట్టాను. "ఊపిరి అందక మాట మింగేశాను కదే! ఎప్పట్నుంచి ఇలా మింగుతున్నాను? ఇన్ని పెళ్ళిళ్ళలో ఇంతమంది విన్నారు, ఒక్కరూ చెప్పలేదేం?"

అమ్మ భయపడుతూ, "అందరికీ నువ్వంటే గౌరవం కదక్కా," అంది.

పెద్దమ్మ స్పీకర్ల వంక చూసింది. ఒకదాని నెత్తిన అరచెయ్యి వేసి తట్టింది. "ఊరు మొత్తం మీద మర్యాద తెలియనివి ఈ రెండేనన్నమాట. నాకు నచ్చాయి. మైకు తియ్యి. మళ్ళీ పాడతా, మూడో చరణం మింగకుండా."

తెల్లారి వచ్చి పాడింది. నచ్చక మళ్ళీ పాడింది. ఇప్పుడు నాకు ఆ కుర్చీ దొరకడం లేదు. పెద్దమ్మ కాదంటే ఫిక్రియా పిన్ని, ఆవిడ కాదంటే ఉకాషా భార్య. నేను నిలబడే పని చేస్తున్నాను, కాళ్ళు పీకుతున్నాయి. అయినా ఇప్పుడు ఎవరూ "మాషల్లా" అని సరిపెట్టడం లేదు. కూర్చున్న ప్రతి ఒక్కరూ, "ఇక్కడ చప్పట్లు ఎక్కువయ్యాయే" అని చెయ్యి తిప్పుతున్నారు!

ఎల్లుండి పడవ మీద వినిపిస్తాం. తర్వాత పెద్దమ్మే నీకు రాస్తానంది. నేను రాసిపెట్టాలట. చూడు, ఏం చెప్పిస్తుందో.

నబ్రా


అస్వాన్, పడమటి గట్టు
జనవరి

ఒరేయ్ షజ్లీ,

మీ అక్క దహీబా చెబుతోంది, పిల్ల రాస్తోంది. పిల్ల తన మాటలేవీ కలపకూడదని చెప్పాను.

ఖర్జూరాలు ఎక్కువ తినకు, నీకు షుగరుంది.

నిన్న ఖలీలు కూతురి పెళ్ళి. పడవలో పెళ్ళివారొస్తుంటే నేను వెళ్ళలేదు, గట్టు మీదే ఉండిపోయాను. ఎందుకంటే మళ్ళీ ఆ కీచురొద వస్తే అందరిలో కూర్చుని వినే ఓపిక నాకు లేదు. దూరంగా ఉంటే తిట్టుకుంటూ ఇంటికి పోవచ్చు. ఉకాషా నడి నైలులో పాట పెట్టాడు. నీళ్ళ మీదుగా నా గొంతు వచ్చిందిరా. హారన్‌లోంచే వచ్చింది, అయినా నాదే. తప్పెట తప్పెటలాగే ఉంది. మూడో చరణం మొత్తం వినబడింది. ఉకాషా ఇంజన్ ఆపేశాడు. పడవ అలా తేలుతూ గట్టుకొచ్చింది, అందులో ఆడవాళ్ళందరూ చప్పట్లు కొడుతూ.

గట్టు మీద అందరూ వరస కట్టారు. నీకు తెలుసు కదా, నేను పదహారేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు అమ్మ నా చేతిలో తప్పెట పెట్టింది. అప్పట్నుంచి ప్రతి పెళ్ళిలోనూ నేను ముందు నిలబడి పాడాలి, వెనక వరస ఆడాలి. నేను పాట ఆపితే వరస ఆగిపోతుంది. నా పెళ్ళిలో కూడా నేనే పాడాను, మీ బావ ఆడాడు.

నిన్న నా చేతిలో తప్పెట లేదు. పాట పడవలోంచి వస్తోంది. ఆపకుండా వస్తోంది. ఫిక్రియా నా చెయ్యి పట్టుకుని వరసలోకి లాగింది. ముందు సిగ్గేసింది. తర్వాత కాళ్ళు వాటంతటవే కదిలాయి.

నాకొచ్చిన పాటలన్నీ పిల్లకు పాడి ఇస్తాను. రేపే రెండోది మొదలు.

షజ్లీ, నేను ఆడానురా. నా పాటకి నేను ఆడాను.

మీ అక్క,
దహీబా